డబ్బా మూతలు

కోళ్ల ఫారం ఆవిడ బుట్టలోంచి కోడిని తీసి మేనేజరు బల్ల మీద నిలబెట్టింది. అది నిలబడలేదు. కాళ్లు చెరో పక్కకి జారిపోయి కాగితాల మీద కూలబడింది.

"సగం కోళ్లు ఇలాగే ఉన్నాయి. ముక్కు నొక్కితే రబ్బరులా వంగుతోంది. మీ మేత తప్ప నేనింకేమీ పెట్టలేదు," అందావిడ.

ఆవిడ కేకలు వేసినా బాగుండేది. తలుపు దగ్గర నిలబడ్డ మిక్సరు మేస్త్రి ఆ కోడిని చూడలేక గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు.

మిల్లులో మేత పాళ్లు చూసే డాక్టరమ్మ కోడి కాళ్లు తడిమింది. "ఎముకలకి భాస్వరం అందలేదు సార్. గింజల్లో భాస్వరం ఉంటుంది గానీ, దానికి తాళం వేసినట్టే. ఆ తాళం కోడి కడుపు తీయలేదు. మనం కలిపే ఎంజైమే తాళంచెవి. అది ఉందన్న ధీమాతోనే ఖనిజప్పొడి తగ్గించాం. మేతని గుళికలు చేసే ఆవిరి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, అవి చల్లారాకే పైన చల్లండని మొత్తుకున్నాను. ఎవరో ముందే పోసేశారు."

ఆ 'ఎవరో' ఎవరో మేస్త్రికి తెలుసు. ఆ రోజు స్ప్రే గొట్టం మూసుకుపోయింది. విప్పి కడగాలంటే అరగంట. ఎప్పుడు పోస్తే ఏం, చేరేది కోడి పొట్టలోకే కదా అనుకుని క్యాను ఎత్తి మిక్సరులో ఒంపేశాడు. ఇరవై ఏళ్లుగా మేత కలుపుతున్నవాడికి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెప్పేదేమిటన్న పొగరూ ఉంది, దాచడమెందుకు.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చిన బామ్మర్ది అడిగాడు కూడా. "బావా, గొట్టం మూసుకుపోయి ఉంది. పొద్దున ఎలా కొట్టావు?"

"నేను దిగేటప్పుడు బాగానే ఉంది," అని చెప్పి మేస్త్రి ఇంటిదారి పట్టాడు. బామ్మర్ది కూర్చుని గొట్టం కడిగాడు.

ఇప్పుడు మేనేజరు మేస్త్రినీ, అతని పక్కనే నిలబడ్డ బామ్మర్దినీ మార్చి మార్చి చూశాడు. "ఆవిడ లోడు సగం పొద్దుటి షిఫ్టుది, సగం మధ్యాహ్నం షిఫ్టుది. బస్తాల మీద షిఫ్టు రాయం. కానీ రెండింట్లోంచీ పిడికెడు తీసి నమూనా డబ్బాల్లో దాచాం. రేపు ల్యాబుకి పంపిస్తాను. ఎవరి మేతలో ఎంజైము చచ్చిందో వాడు మిల్లు మెట్లు దిగాల్సిందే."

డబ్బాలన్నీ ఒకే రకం. తేదీ, షిఫ్టు రాసేది మూత మీదే. మేస్త్రికి మొదట తట్టింది అదే.

సాయంత్రం వెళ్తుంటే బామ్మర్ది నమూనాల గదిలోంచి చేతులు దులుపుకుంటూ వస్తూ కనబడ్డాడు.

"గొడుగు ఇక్కడ పెట్టానేమోనని చూశా బావా," అన్నాడు. వాడి మతిమరుపు మిల్లంతటికీ తెలిసిందే. కాస్త ఆగి, "నువ్వేం దిగులు పెట్టుకోకు. నీ మీదకి రాదు," అన్నాడు.

"నా మీదకెందుకొస్తుందిరా?" అని కసిరాడు మేస్త్రి.

ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తూ బతిమాలింది. "తమ్ముడు కాస్త మందమతే గానీ పని ఎగ్గొట్టేవాడు కాదండీ. అవతల మరదలికి నెలలు నిండాయి. వాడి మీదకి రాకుండా మీరే చూడాలి."

"చూస్తాలే," అన్నాడు మేస్త్రి కంచంలోకి చూస్తూ.

తెల్లారి అందరికంటే ముందే వెళ్లి డబ్బాలు రెండూ దించాడు. యాభై దాటినవాణ్ణి ఏ మిల్లు గడప ఎక్కనిస్తుంది? వాడు కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు. అలా సర్దిచెప్పుకుంటూనే మూత పట్టాడు. మామూలుగా ఆ మూతలు గుడ్డ వేసి తిప్పితే గానీ రావు. ఇవాళ రెండూ వేలితో తిప్పగానే ఊడొచ్చాయి. చెడ్డపనికి అన్నీ కలిసొస్తాయి కాబోలు అనుకున్నాడు. దానిది దీనికి, దీనిది దానికి బిగించాడు. బామ్మర్ది బావ బతుకు కోరతాడంటారు. బావ ఏం కోరాలో ఏ సామెతా చెప్పలేదు.

ఆ తర్వాత పది రోజులూ అతనికి అన్నం సయించలేదు. బామ్మర్ది రోజూ, "రా బావా, టీ తాగుదాం," అని పిలిచేవాడు. మేస్త్రి పనుందని తప్పుకునేవాడు. రెండుసార్లు మేనేజరు గది దాకా వెళ్లి, సిగ్గు చంపుకోలేక వెనక్కొచ్చాడు.

పదకొండో రోజు కవరు వచ్చింది. మేనేజరు ఇద్దరినీ పిలిచి చదివాడు.

"మధ్యాహ్నం షిఫ్టు డబ్బా బాగుంది. చచ్చింది పొద్దుటి దాంట్లో."

"అదెలా అవుతుంది?" మేస్త్రి నోరు జారింది.

"నన్నడుగుతావేం? నువ్వే చెప్పు."

చెప్పడానికేముంది? చేసిన పాపం ఏ దారిన వచ్చిందో తెలియకుండా తన గుమ్మంలోకే చేరి కూర్చుంది. "నేనే సార్. మిక్సరులోనే పోశాను," అన్నాడు తలొంచుకుని.

బయట బస్తాల పక్కన బామ్మర్ది అతని చెయ్యి పట్టుకున్నాడు. వాడి కళ్లు నిండిపోయి ఉన్నాయి. వీడికి చేసిన ద్రోహం కూడా ఇప్పుడే చెప్పేయాలి, లేకపోతే ఇక ఈ జన్మకి చెప్పలేననుకున్నాడు మేస్త్రి.

"ఒరేయ్, ఆ డబ్బాలు..."

"అదే బావా, నాకూ అంతుపట్టడం లేదు," అన్నాడు బామ్మర్ది వెక్కుతూ. "ఆ సాయంత్రమే మూతలు మార్చేశాను కదా!"