సున్నాలాయన

వెబ్‌సైట్‌లో పేరు అడిగిన గడిలో ఎవరో ఇలా రాశారు: "ఇంకా గుమ్మమే ఎక్కలేదు, అప్పుడే పేరెందుకు?"

ఫోన్ నంబర్ అడిగిన గడిలో పది సున్నాలు పెట్టారు.

"ఎవరండీ ఈ సున్నాలాయన?" అంది ఆమె, కాఫీ కప్పు పక్కన పెట్టి.

"పనీపాటా లేని మనిషెవరో. వదిలెయ్," అన్నాడు భర్త.

వాళ్ళకు పెళ్ళయి నాలుగు నెలలు. ఆమె దిండు గలీబుల మీద పూలు కుడుతుంది. వాటిని అమ్మే వెబ్‌సైట్ అతను తయారుచేశాడు. గలీబుల దొంతరలన్నీ మంచం మీద, మొగుడూ పెళ్ళాలు నేల మీద. ఆ ఇరుకు కూడా ఆమెకు ముద్దుగానే ఉంది.

ముద్దుగా లేనిదల్లా బీరువాలో ఉన్న కాగితం.

రైల్లో తొమ్మిది గంటల దూరంలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. చేరేదీ లేనిదీ నెలాఖరుకల్లా చెప్పాలి. ఈలోగా యాభై ఆర్డర్లు వస్తే ఇక్కడే ఉంటుంది. రాకపోతే ఆమె అక్కడ, అతను ఇక్కడ. చేతిలో చెయ్యేసుకుని మరీ పెట్టుకున్న ఒప్పందం అది.

ఇప్పటికి వచ్చినవి పదకొండు. అందులో మూడు ఆమె పిన్నివే.

వెబ్‌సైట్ తెరిస్తే చాలు, ఫోన్ నిండా ఒక పాప్-అప్ విచ్చుకునేది. "పేరు, నంబర్ ఇవ్వండి, పది శాతం తగ్గింపు పొందండి!" ఇష్టం లేనివాళ్ళు నొక్కడానికి కింద ఒక బటన్: "వద్దు, నాకు డబ్బు ఎక్కువైంది." అది భర్తగారి చమత్కారం. దాన్ని మూసే గుర్తు ఓ మూల ఆవగింజంత.

"రాగానే పట్టుకోవాలి, పట్టు వదలకూడదు," అనేవాడు అతను, పెద్ద వ్యాపారిలా మొహం పెట్టి.

రెండో రోజు సున్నాలాయన రాశాడు: "సరుకు చూడనివ్వండి. చూస్తేగా అడిగేది."

మూడో రోజు: "వెళ్ళేవాడి చొక్కా పట్టుకుంటే రేపు ఈ వీధి మొహమే చూడడు."

ఆమెకు ఒళ్ళు మండింది. జవాబిద్దామంటే నంబర్ లేదాయె. అందుకని ఏకంగా పాప్-అప్‌లోనే రాసేసింది: "సున్నాలు పెట్టే పెద్దమనిషికి: కొంటే కొనండి, లేకపోతే దారిన పొండి!"

మధ్యాహ్నం భర్త ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"ఏం చేశావే తల్లీ?"

"ఆయనకి బుద్ధి చెప్పాను."

"ఆయనకొక్కడికేనా? పొద్దుట్నుంచీ సైట్‌కొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పావు!"

ఆమె నాలిక్కరుచుకుంది.

"మా మేనేజర్ కూడా చూశాడు. 'దారిన పోతున్నానయ్యా' అని నాతో చెప్పి మరీ భోజనానికెళ్ళాడు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆమెకు ఏడుపొచ్చింది. ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు సున్నాలాయన చాలా రాశాడు. గడి సరిపోక ఐదుసార్లు నింపాడు. ప్రతిసారీ ఓపిగ్గా పది సున్నాలు.

"పోనీలే అమ్మాయ్. మీ నీలం గలీబు బాగుంది. దాని దగ్గర ఎవరైనా ఆగితే అప్పుడు పలకరించు. నడిచేవాడికి మాట వినపడదు, ఆగినవాడికే వినపడుతుంది. కాదన్నవాణ్ణి చిన్నబుచ్చకు. వాడు రేపు మళ్ళీ రావాలి కదా."

"నేను అమ్మాయినని ఎలా తెలిసిందండీ?"

"ఆ తిట్టు చదివి పోల్చుకునుంటాడు," అన్నాడు భర్త, దెబ్బ తప్పించుకుంటూ.

ఆ సాయంత్రమే పాప్-అప్ మార్చారు. ఇప్పుడది రాగానే మీద పడదు. ఎవరైనా ఒక గలీబు దగ్గర అర నిమిషం ఆగితేనే, అడుగున చిన్నగా మెదులుతుంది: "ఇది నచ్చిందా? దీనికి జోడీ కూడా ఉంది." పక్కనే "తర్వాత చూస్తాను" అనే బటన్. మూసే గుర్తు బొటనవేలంత.

"ఇంత మెత్తగా అడిగితే ఎవరు కొంటారే?"

"కొనకపోతే కొత్తగా పోయేదేముంది?"

మొదటి రోజు రెండు ఆర్డర్లు వచ్చాయి. మూడో రోజు ఐదు. "తర్వాత చూస్తాను" అని వెళ్ళినవాళ్ళు నిజంగానే తర్వాత వచ్చి చూశారు.

నెలాఖరుకు రెండు రోజులుందనగా యాభయ్యో ఆర్డర్ పడింది. ఆమె సూది అక్కడే గుచ్చి, చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా భర్తకు ఎదురెళ్ళింది. "రాలేను" అన్న ఉత్తరం అతను రాశాడు, ఆమె సంతకం పెట్టింది. గుండెల మీద ఇన్నాళ్ళూ నిలబడిన రైలు కదిలి వెళ్ళిపోయినట్టయింది.

యాభై ఒకటో ఆర్డర్: నీలం గలీబులు, జోడీ. పేరు గడిలో "సున్నాలు పెట్టే పెద్దమనిషి" అని ఉంది. ఈసారి నంబర్ అసలుదే. అడ్రసు కూడా వాళ్ళ ఊళ్ళోదే!

"కొరియర్ వద్దండీ, మనమే వెళ్దాం," అంది ఆమె.

తలుపు ఆయన కూతురు తీసింది. కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన. వీళ్ళని చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. కూర్చోమని చెయ్యి చూపించాడు.

"బాబాయ్‌గారూ, ఆ రోజు నోరు జారాను. ఏమీ అనుకోకండి," అంది ఆమె.

ఆయన నవ్వాడు. చప్పుడు లేదు. ఫోన్‌లో ఏదో టైపు చేసి చూపించాడు: "తిట్టు బాగుంది. వేళే బాగాలేదు."

భర్త పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం ఆయన మెడ మీద మచ్చను చూసింది.

"నాన్నకి గొంతు ఆపరేషనయి రెండేళ్ళు," అంది కూతురు, మంచినీళ్ళు అందిస్తూ. "మాట రాదు. రోజూ ఫోన్‌లో నాలుగు షాపులు తిరిగి రాకపోతే తోచదు."

"మరి ఇవన్నీ ఆయనకెలా తెలుసండీ?"

"ముప్పై ఏళ్ళు బజార్లో బట్టల షాపు మెట్ల మీద నిలబడి, దారినపోయేవాళ్ళని 'రండి, రండి' అని లోపలికి పిలిచింది మా నాన్నే కదమ్మా."