ఆఖరివాడి పిడికిలి

చీకటిపడింది. చదును చేసిన మంచుబాట మీద రెండు స్నోమొబైళ్లు బసకు తిరిగి వస్తున్నాయి. ముందు కూతురు ఐలా, వెనక తండ్రి ఆర్నే. ఆ అడవుల్లో ఎదురుబండి కనిపిస్తే, తన వెనక ఎన్ని బండ్లున్నాయో అన్ని వేళ్లు చూపాలి. ఆఖరివాడు పిడికిలి చూపాలి. అది నమ్మే ఎదుటివాడు మలుపు తిరుగుతాడు.

ఆర్నే పిడికిలి చూపాడు. ఎదురొచ్చినవాడు దాటిపోయి, గభాలున ఆగి అరిచాడు.

“ఏం పెద్దాయనా, తాగి నడుపుతున్నావా? పిడికిలి చూపిస్తివి, నీ వెనకే దీపం లేకుండా ఇంకొకడు! గుద్దేసేవాణ్ణి!”

“నా వెనక ఎవడూ లేడయ్యా. తాగింది నువ్వేనేమో!”

ఇద్దరూ తిరిగి చూశారు. బాట ఖాళీగా ఉంది. ఆర్నే ఇంజన్ ఆపి విన్నాడు. కొమ్మల మీంచి మంచు జారిన చప్పుడు తప్ప మరేమీ లేదు.

“నాన్నా, రావేం? మీసం గడ్డకట్టిందా?” ముందు నుంచి ఐలా నవ్వింది.

మళ్లీ బయల్దేరారు. మలుపు దగ్గర ఎదురుగా దీపం కనబడింది. ఐలా ఒకసారి వెనక్కి చూసి చెయ్యెత్తింది. రెండు వేళ్లు చూపింది.

తన వంతు వచ్చింది. ఆర్నే వెనక్కి చూడలేదు. చెయ్యెత్తి పిడికిలి బిగించబోయాడు. చూపుడువేలు ఒక్కటి మాత్రం ముడుచుకోలేదు.