నవ్వని ఫొటో

"మామా, రమేశ్ దుబాయి వీసా పని అయినట్టే. ఒక్క ఫొటో పంపుండ్రి, సాలు."

ఫోన్ స్పీకర్‌లో ఏజెంటు మహిపాల్ గొంతు వినగానే లక్ష్మీరాజం మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ఆయన కూడా చాలా ఏళ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడే. లక్ష్మవ్వ చక్కెర డబ్బా తెచ్చి కొడుకు రమేశ్ నోట్లో ఇంత పోసి, కోడలు సౌమ్య చేతిలో ఇంత పోసింది. పెళ్లినాటి గోరింటాకు మీద చక్కెర తెల్లగా మెరిసింది. ఇంకెప్పుడైనా అయితే సౌమ్య వెంటనే ఫొటో తీసుకునేది. ఇప్పుడు మాత్రం చెయ్యి కదలలేదు.

"ఎనుక తెల్లగుండాలె. నోరు మూసుండాలె. నవ్వు అసలే ఉండొద్దు," అన్నాడు మహిపాల్. "నవ్వు ఫొటో ఆళ్లు తీసుకోరు. రేపు పగటి దాక ఆగుత. రాకపోతె వేరేటాయన పేరు పంపుత మామా."

"పంపుతం. నీకు మాటిచ్చిన గద," అని లక్ష్మీరాజం కోడలి వైపు చూశాడు. "మనింట్లనే ఫొటోగ్రాఫరున్నది. తియ్యి బిడ్డా."

సౌమ్య కోరుట్ల నుంచి రోజూ బస్సెక్కి జగిత్యాలలో ఫొటోగ్రఫీ వర్క్‌షాప్‌కు వెళ్లివస్తోంది. రేపే చివరి రోజు. 'మీ ఇంట్లో ఇన్నాళ్లూ మీకు కనపడని ముఖం ఒకటి పట్టుకు రండి' అని చెప్పింది ఇంద్రజ మేడం. సౌమ్య స్టవ్ మంటను ఫొటో తీసింది, దండెం మీద నీటి చుక్కలు తీసింది, నిద్రపోతున్న రమేశ్ చెవి తీసింది. "చెవి బాగుందమ్మా. ముఖం ఏది?" అంది మేడం. అదే ఇంకా దొరకలేదు.

పెరట్లో మామ సిరిసిల్ల ధోతి దండెం మీద ఆరుతోంది. దాని ముందు రమేశ్‌ను నిలబెట్టింది. లక్ష్మవ్వ వచ్చి కోడలి వెనక నిలబడింది.

"సక్కగ దియ్యి. నీ చెవుల ఫొటో లెక్క తియ్యకు," అంది.

సౌమ్య ఫోన్ ఎత్తింది. రమేశ్ నవ్వాడు. అలాగే పంపితే మహిపాల్ నుంచి జవాబు వచ్చింది.

"పండ్లు కనవడుతున్నయి చెల్లె."

మళ్లీ తీసింది.

"బుగ్గలు లేసినయి."

మళ్లీ.

"నోరు మూసిండు గని, కండ్లు నవ్వుతున్నయి. ఇంట్ల కాకుంటె రేపు పొద్దుగాల స్టూడియోకు తోలుండ్రి."

"గా వర్క్‌షాపుల నవ్విచ్చుడే నేర్పిండ్రా నీకు?" వెనక నుంచి లక్ష్మవ్వ కసిరింది.

"నేనేం చేసిన అత్తమ్మా? ఆయన నా దిక్కే చూస్తలేడు."

"నేనేం జేయాలె? ఆగుతలేదు," అన్నాడు రమేశ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"అయిందా?" ఇంట్లోంచి లక్ష్మీరాజం గొంతు.

సౌమ్య రమేశ్ దగ్గరికెళ్లి కాలరు సర్దుతున్నట్టు చెవిలో మెల్లగా అంది. "నన్ను ఇడిసిపెట్టి పోవుడు యాదికి తెచ్చుకో. నవ్వు అదే ఆగుతది."

ఆగింది. రమేశ్ ముఖం వాడిపోయింది. సౌమ్య వెనక్కి వచ్చి ఫోన్ ఎత్తింది. మహిపాల్ అడిగిన ఫొటో అదే. నొక్కితే అయిపోతుంది. నొక్కబోతుండగా రమేశ్ కళ్లు ఆమె భుజం మీదుగా ఎటో వెళ్లాయి. ఫక్కున నవ్వేశాడు.

సౌమ్యకు అనుమానం వచ్చింది. వెనక్కి తిరగలేదు. బొటనవేలితో కెమెరాను తన వైపు మార్చింది.

తెరలో తన భుజం వెనక లక్ష్మవ్వ. నెత్తి మీద తెల్ల తువ్వాల. దాని మీద, నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టబట్ట గుండ్రంగా బిగించి ఉంది. లేని పొట్ట ముందుకు తోసి, లేని గడ్డం నిమురుకుంటూ అచ్చం దుబాయి అరబ్బు సేటులాగా నడుస్తోంది.

సౌమ్య వేలు దానంతటదే నొక్కేసింది. మేడంకు చూపించాల్సిన ముఖం దొరికింది.

చప్పుడుకు లక్ష్మవ్వ ఆగిపోయింది. చుట్టబట్ట తీసి, తువ్వాల భుజం మీదికి లాక్కుంది.

"మీ మామ ఒక్క ఫొటోకే పాసైండు బిడ్డా," అంది నెమ్మదిగా. "అప్పుడు కెమెరా ఎనుక నేను లేకపోతి."

"మరి పోవద్దని చెప్పొచ్చు గద అత్తమ్మా."

"మాటిచ్చిండట. ఆయన మాట నేనెట్ల కాదంట? ఫొటోనే కుదరకపాయె అంటె మాట పోయినట్టు గాదు గద."

వెనక దగ్గు వినిపించింది. గడపలో లక్ష్మీరాజం నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో ఎవరికీ తెలియదు.

రమేశ్ నవ్వు ఆగిపోయింది. నోరు మూతపడింది. కళ్లు తిన్నగా, వెనక ధోతి తెల్లగా, మహిపాల్ ఎట్లా అడిగాడో అట్లాగే ఉన్నాడు. సౌమ్య నొక్కకుండా ఫోన్ కిందికి దించేసింది.

"ఇటియ్యి," అని లక్ష్మీరాజం ఫోన్ తీసుకున్నాడు. ఇందాక తీసిన ఫొటోలోని భార్యను చూశాడు. ఆమె చేతిలోని చుట్టబట్ట కోసం చెయ్యి చాపాడు. లక్ష్మవ్వ తల వంచుకుని ఇచ్చింది.

లక్ష్మీరాజం దాన్ని తన నెత్తి మీద పెట్టుకుని, కొద్దిగా వెనక్కి జరిపాడు.

"సేట్లు గట్ల పెట్టుకోరే, గిట్ల పెట్టుకుంటరు. రేపు స్టూడియోల కెమెరా ఎనుక నేనుంట."