బస్సింటికి చోటు

జనమంతా ఇళ్లు వదిలేసి బస్సిళ్లలోకి మారిపోయాక, అడవుల పక్కన బండి నిలుపుకునే చోటు దొరకడం గగనమైపోయింది. వకుళ, త్రివిక్రమ్ మాట్లాడుతూ తనే నడిచే తమ నలభై అడుగుల బస్సింట్లో వారంగా నల్లమల చుట్టూ తిరుగుతున్నారు. కూతురు మేదినికి జింకను చూపిస్తామని మాటిచ్చారు మరి. ఏ క్యాంపుకెళ్లినా ఒకటే జవాబు.

"చిన్న బండైతే ఎలాగో సర్దేవాళ్లం సార్. ఇది మలుపు తిరగదు."

చివరికి బస్సే ఒక చోటు వెతికిపెట్టింది. చెట్లున్నాయి, జింకలున్నాయి, జనం లేరంది. సరేనన్నారు. తీరా చూస్తే అది హైదరాబాదు దారి పట్టి, వాళ్లు ఒకప్పుడు కాపురమున్న కాలనీ ముందు ఆగింది. గోడలను చీల్చుకుని రావిచెట్లు లేచాయి. ఫారెస్టు గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిరుడే దీన్ని నేషనల్ పార్కు చేశారు సార్. బండ్లు లోపలికి రానివ్వం."

"ఆ మూడో ఇల్లు మాదేనండీ. దాని ముందే నిలుపుకుంటాం," అంది వకుళ.

"అయితే మీకే తెలుసు కదమ్మా, ఆ సందులో ఇంత బండి తిరగదని. నడిచెళ్లి చూసి రండి. ఇంట్లోకి మాత్రం వెళ్లకండి, జింక ఈనింది. బెదురుతుంది."

ముగ్గురూ తమ ప్రహరీగోడ మీంచి తొంగి చూశారు. ముందుగదిలో జింక పిల్లకు పాలిస్తోంది. మేదిని గోడ మీద గడ్డం ఆనించింది.

"ఇవి మనం వెళ్లిపోయాకే వచ్చాయా అమ్మా?"

"అవును."

"అయితే మంచిపనే చేశాం," అంది మేదిని.