ఎడమ రెక్క

విమానాల రెక్కలు పక్షి రెక్కల్లా వంగి, సాగి, ముడుచుకోవడం మొదలై ఇరవై ఏళ్లయింది. విజయవాడ విమానాశ్రయంలో ఆ రెక్కలను అరచేత్తో తడిమి చూసే ఉద్యోగం మస్తానమ్మది.

ఆ ఉదయం విశాఖ విమానం ఎడమ రెక్క వంగింది గానీ, తిరిగి తిన్నగా కావడానికి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంది. పరీక్ష యంత్రం మాత్రం పచ్చ దీపమే చూపించింది.

"మిషను బాగుందంటుంటే నీకేంటమ్మా అనుమానం? జనం ఎక్కి కూర్చున్నారు," అన్నాడు సూపర్‌వైజరు దానియేలు.

ఆ జనంలో మస్తానమ్మ చెల్లెలు కోటేశ్వరి కూడా ఉంది. విశాఖలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని పరుగున బయల్దేరింది.

మస్తానమ్మ మళ్లీ రెక్క మీద చెయ్యి వేసింది. జ్వరం నుంచి లేచిన మనిషిలా అది మెల్లగా కదిలింది.

"ఇది ఎగరదు సార్," అని ఎర్ర చీటీ అతికించింది.

రెక్క విప్పి చూస్తే లోపలి పొరలు విడిపోయి ఉన్నాయి. కోటేశ్వరి మరో విమానంలో విశాఖ చేరేసరికి మనవరాలు పుట్టి మూడు గంటలైంది.

"నువ్వే ఆపావంటగా అక్కా! బిడ్డ పుట్టేటప్పుడు కూతురి పక్కన లేకుండా పోయాను," అని ఫోన్‌లో ఏడ్చింది.

బిడ్డ పుట్టిన పూట విడిపోయిన పొరల సంగతి ఎందుకనుకుంది మస్తానమ్మ.

"ఎవరి పోలికే?" అని అడిగింది.