నేలకేసి నాలుగు వేళ్ళు

స్టీల్ గిటారు వాయించేవాడు ఆ పొద్దున రాలేదు. జ్వరమని కబురు పంపాడు. బల్లలా కాళ్ళున్న అతని గిటారు మాత్రం నిన్న వదిలేసి పోయిన చోటే, స్టేజీ మీదే ఉంది.

"ఇవాళే రావాలా వీడికి జ్వరం?" అంది గాయని మార్లా.

బార్ చివర శాండ్‌విచ్ తింటున్న ముసలాయన చేతులు తుడుచుకుని లేచాడు.

"అతని చోట నన్ను కూర్చోమంటావా, తల్లీ?"

పాటగాళ్ళ ఊరు నాష్‌విల్‌లో ఇది మామూలే. తెలియనివాడైనా వాద్యం వస్తే కూర్చోనిస్తారు.

"ఇంతకుముందు ఎక్కడ వాయించారు?"

"ఒకచోట నెలజీతానికి వాయించేవాణ్ణి. తీసేశారు."

"ఎందుకు?"

"చెప్పినట్టు చెయ్యలేదని."

"ఇక్కడ మాత్రం చెప్పినట్టే చెయ్యాలి పెద్దాయనా."

"అలాగే."

ఆయన వేళ్ళకి తీగలు మీటే తొడుగులు తొడుక్కున్నాడు. కుడిచేతి చిటికెన వేలు వంకర.

బేస్ గిటారు డ్వేన్ మార్లా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఓడెల్ గారు పన్నెండింటికి వస్తున్నారు. గుర్తుందిగా?"

మర్చిపోతే కదా. ఎండాకాలమంతా ఊరూరా తిరిగే పెద్ద కచేరీకి గాయకుల్ని ఏరేది ఆవిడే. టీవీ పోటీలో రెండోస్థానం వచ్చినవాళ్ళని ఈ ఊరు ఆరు నెలలకి మించి గుర్తుపెట్టుకోదు. మార్లాకి అది వచ్చి మూడేళ్ళయింది. రికార్డు కంపెనీ వాళ్ళు ముందు యాస మార్చుకోమన్నారు, తర్వాత పేరు మార్చుకోమన్నారు. ఆమె రెండూ మార్చుకోలేదు. వాళ్ళు గాయనిని మార్చుకున్నారు.

"మళ్ళీ చెబుతున్నా, ఆ టీవీ పాట శ్రుతి ఓ అర మెట్టు దించు," అన్నాడు డ్వేన్. "నిన్నంతా దగ్గావు."

"ఫైనల్ రోజు గొంతు పూర్తిగా పట్టేసింది డ్వేన్. శ్రుతి దించమని ఏడ్చాను. కుదరదు, ఉన్నదాంట్లో పాడు, లేదా ఇంటికి పో అన్నారు. పాడాను. ఆ పై స్వరం అందుకున్నాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా, ఇక జన్మలో ఎవర్నీ దించమని అడగనని."

ఈ కథ డ్వేన్ కనీసం వందసార్లు విన్నాడు.

పది నుంచి పన్నెండు దాకా ముసలాయన అద్భుతంగా వాయించాడు. ఆమె ఊపిరి తీసుకునే చోట ఆయన తీగ మోగేది, ఆమె అందుకోగానే తప్పుకునేది. పెళ్ళికి ముందు సరదా చేసుకోవడానికొచ్చిన గులాబీ టోపీల పెళ్ళికూతురి గుంపు కూడా అరుపులు ఆపి విన్నది.

పన్నెండింటికి ఓడెల్ గారు వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చుంది.

ఇక్కడి వాద్యగాళ్ళ కాగితాల మీద స్వరాలుండవు, అంకెలుంటాయి. ఏ శ్రుతిలో వాయించాలో వేళ్ళతో చెబుతారు; ఎన్ని వేళ్ళు, పైకా కిందికా అన్నదాన్ని బట్టి శ్రుతి మారుతుంది. మార్లా వీపు వెనక మూడు వేళ్ళు పైకి చూపింది. టీవీ పాట, టీవీ శ్రుతి.

నోరు తెరవబోతూ ఎదుటి గోడ అద్దంలోకి చూసింది. ఆమె వెనక ముసలాయన నాలుగు వేళ్ళు నేలకేసి చూపుతున్నాడు. అర మెట్టు తక్కువ. డ్వేన్ అప్పుడే తలూపుతున్నాడు.

"ఆపండి."

మార్లా వెనక్కి తిరిగింది.

"నా వెనక సైగలేంటి పెద్దాయనా?"

"ఇవాళ నీ గొంతు అలిసింది తల్లీ. అర మెట్టు దిగితే ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది. టీవీ వాళ్ళ ముందే దిగలేదు, మీ కోసం దిగుతానా? లేవండి."

ఆయన తొడుగులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.

"బాగా పాడు," అని బయటికి వెళ్ళిపోయాడు.

మార్లా మూడు వేళ్ళూ పైకెత్తి పాడింది. పై స్వరం దగ్గర గొంతు బొంగురుపోయి చీలింది. గులాబీ టోపీలు ఇబ్బందిగా గ్లాసుల్లోకి చూసుకున్నాయి. మార్లా గడ్డం దించలేదు. చీలిన గొంతుతోనే పాట చివరిదాకా పాడి స్టేజీ దిగింది.

"మొండిదానివే," అంది ఓడెల్ గారు. "కానీ టీవీలో ఇలా పాడలేదు నువ్వు."

"అదే శ్రుతి, అదే గొంతు."

"నువ్వా వీడియో చూసుకున్నావా?"

"ఓడిపోయిన వీడియో ఎవరు చూసుకుంటారండీ?"

ఆవిడ ఫోన్ తీసి ఆ వీడియో పెట్టింది. అలవాటు కొద్దీ డ్వేన్ బేస్‌తో జత కలిపాడు. కలవలేదు. ఒక మెట్టు వెతికి, ఇంకో మెట్టు వెతికి, చెయ్యి తీసేశాడు.

"మార్లా, ఇది అర మెట్టు కిందుంది."

"నీ బేస్ శ్రుతి తప్పింది."

"పొద్దుట్నుంచీ దీంతోనే పాడావు కదా."

"అయితే ఆ ఫోన్ పాడైంది. వాళ్ళు దించనన్నారు డ్వేన్. నా మొహం మీదే అన్నారు."

ఓడెల్ గారు నిట్టూర్చింది. "వాళ్ళు దించలేదమ్మా. వాళ్ళకి చెప్పకుండా ఎవరో దించేశారు. ఆ రాత్రే వాద్యబృందంలో ఒకాయన్ని పీకేశారని విన్నాను. పేరు తెలీదు. నువ్వు ఆ శ్రుతిలో పాడతానంటే నేను ఇప్పుడే సంతకం పెడతాను."

మార్లా ఫోన్ లాక్కుని పాట మొదటికి తిప్పింది, తెర మీద రెండు వేళ్ళు పెట్టి బొమ్మ పెద్దది చేసింది.

వెలుగులో తను నిలబడి ఉంది, గడ్డం పైకెత్తి, ప్రపంచం మొత్తాన్నీ రమ్మన్నట్టు.

ఆమె వెనక చీకట్లో, స్టీల్ గిటారు మీద, వంకర చిటికెన వేలితో సహా నాలుగు వేళ్ళు నేలకేసి చూపుతున్నాయి.