ఎత్తుమీద ఆగే యంత్రం

2071 ఫిబ్రవరి పన్నెండున ఈదన్న పొద్దున్నే జొన్నరొట్టె, గోంగూర పప్పు తిని, రోజూలాగే నల్లమల అడవిలో గస్తీ యంత్రం వెనక బయలుదేరాడు. దాన్ని పరీక్షించడానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. ఇప్పుడు ఏ అడవికైనా యంత్రాలే కాపలా. ఈ యంత్రానికి నడక నేర్పింది మాత్రం అక్కడి తొలి ఆడ గార్డు, ఈదన్న భార్య గురవమ్మ. ఆమె పోయి మూడేళ్లు.

ఎత్తు ఎక్కగానే యంత్రం ఆగింది. ఈదన్న ఇంకా కిందే ఉన్నాడు.

“తాతా, ఇది రోజూ ఇక్కడ ఊరికే ఆగుతోందట. ఈ తప్పు తీసేస్తా,” అంది ఇంజినీరమ్మ పైనుంచి.

“తప్పు గాదు తల్లీ. నా మోకాలు నొప్పని గురవమ్మ ఆడే నిలబడేది. ‘ముసలోడా, అడవి యాడికీ పోదులే, నిమ్మళంగా రా’ అనేది. దాన్ని జూసే ఇదీ నేర్చింది.”

ఈదన్న ఎక్కి పక్కకు చేరాకే యంత్రం కదిలింది. ఇంజినీరమ్మ తన పుస్తకంలో ‘తప్పు’ అని రాసుకున్నది కొట్టేసింది.

సాయంత్రం ఈదన్న యంత్రాన్ని గదిలో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.